నాన్‌డిస్క్రిప్ట్ జాతి వైభవం

మనిషికి పేరు లేకపోయినా రోజు గడుస్తుంది. "ఒరేయ్" అంటే పలుకుతాడు. కుక్కకు మాత్రం జాతిపేరు ఉండి తీరాలి!

నవ్వకండి. బాగా ఆలోచించి అంటున్న మాటే ఇది. ఈమధ్య మన పలాస, కాశీబుగ్గ వీధుల్లో కుక్కల జాతిపేర్ల పిచ్చి ముదిరిపోయిందని కొందరు పెద్దలు బాధపడుతున్నారు. బాధ దేనికి? ఇంత మేలు చేసిన పిచ్చి మన ప్రాంతానికి ఇదివరకు పట్టిందా?

పొద్దున్నే నడకకు వెళ్లేవాళ్లను చూడండి. పూర్వం ఎదురుపడితే ఏమడిగేవారు? "మీవాడికి ఉద్యోగం వచ్చిందా?" "అమ్మాయి సంబంధం ఏమైంది?" అడిగినవాళ్లకు సంతోషం, చెప్పేవాళ్లకు తలనొప్పి. ఇప్పుడు ఒకటే ప్రశ్న. "ఏ బ్రీడండీ?" చెప్పేవాడి ఛాతీ పెరుగుతుంది. విన్నవాడు "ఓహో" అంటాడు. ఎవరి ఇంటి సంగతులూ ఎవరికీ అక్కర్లేదు. ఇది నాగరికత కాదా?

భూగోళ జ్ఞానం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇచ్ఛాపురం దాటి ఎరగనివాళ్లు కూడా సైబీరియా చలి గురించి మాట్లాడుతున్నారు! రాజేష్ అనే కుర్రాడు సైబీరియన్ హస్కీని తెచ్చాడు. జీడిచెట్ల ఆకులు సైతం సొమ్మసిల్లే మే నెల ఎండలో అది ఏసీ గదిలో పడుకుంటుంది. ఆ గది వాళ్ల నాన్నగారిది. ఆయన వరండాలో విసనకర్రతో ఉంటారు. కుటుంబాల్లో ఇంత త్యాగబుద్ధి ఎప్పుడైనా చూశామా?

ఇక పమేరియన్ ఉంది. మన జిల్లాలో తెల్లగా, బొచ్చుగా ఉండి, గిన్నె చప్పుడైనా మొరిగేదల్లా పమేరియనే. ఆ మాటకు అర్థమేమిటో ఎవరికైనా తెలుసా? తెలియదు. తెలియనందువల్ల ఒక్క పమేరియనైనా మొరగడం మానిందా?

ఒకాయనకు మాత్రం తెలుసు. హైస్కూల్లో సోషల్ చెప్పిన సైమన్ మాస్టారికి. ఐరోపాలో బాల్టిక్ సముద్రం పక్కన పొమెరేనియా అనే నేల ఉందని, ఆ మాటకు 'సముద్రపు ఒడ్డు' అని అర్థమని ఆయన అడక్కపోయినా చెప్పేవారు. ఆ లెక్కన మా పూండి కూడా అసలు సిసలు పమేరియనే అనేవారు.

పూండి అంటే ఆయన కుక్క. గోధుమరంగు. ఒక చెవి నిలబడి ఉంటుంది, ఒకటి వాలిపోయి ఉంటుంది. తోక కొసన కాస్త తెలుపు. పూండి స్టేషను దాటి వెళితే వచ్చే సముద్రపు ఒడ్డు పల్లెలో ఆయన కొన్నాళ్లు పనిచేశారు. బదిలీ అయి వచ్చేటప్పుడు తువ్వాలులో చుట్టుకుని తెచ్చారు. అందుకని ఆ పేరు.

నిరుటి వానాకాలంలో మాస్టారు పోయారు. కిడ్నీలు. ఇంటింటా ఆ జబ్బే ఉన్న మా ఉద్దానంలో ఆ మాట అన్నాక ఎవరూ మరేమీ అడగరు.

ఇప్పుడు ఆ ఇంట్లో ఆయన భార్య ప్రేమకుమారి టీచర్ ఉంటున్నారు. ఆవిడ తెలుగు టీచర్. మాటకు అర్థం తప్పు చెబితే ఊరుకోరు. పెళ్లి శుభలేఖ చేతికిచ్చినా ముందు తప్పులు దిద్ది, తర్వాత ముహూర్తం చూస్తారు. పాస్టరు గారి ప్రసంగంలో కూడా పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటారని చర్చిలో ఒక ప్రచారం ఉంది. అందులో కొంత నిజం.

అసలు కథ సరస్వతమ్మ గారి చెప్పుతో మొదలైంది.

సరస్వతమ్మ గారు కాలనీ సంఘం ప్రెసిడెంటు నాగరాజు గారి భార్య. ఆవిడ కొత్త చెప్పు ఒకటి గుమ్మం ముందు నుంచి మాయమైంది. ఎత్తుకుపోయిన కుక్కను ఎవరూ చూడలేదు. చూడలేదు కాబట్టి అది జాతి లేని కుక్కే అయివుండాలని సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. జాతికుక్కలు చెప్పులు ముట్టుకోవు కదా! ముట్టుకున్నా రెండూ తీసుకెళతాయి.

తీర్మానం జరిగిపోయింది. కాలనీలో జాతికుక్కలు ఉండవచ్చు. జాతి లేనివాటిని పెంచుకుంటున్నవాళ్లు నెలాఖరులోగా బయట ఎక్కడైనా వదిలి రావాలి.

ఈ తీర్మానంలో నాగరాజు గారిని తప్పుపట్టడానికి లేదు. ఆయనది జీడిపప్పు వ్యాపారం. ఆయన లోకంలో గ్రేడు లేని వస్తువు ఉండదు. గుండు గుండే, బద్ద బద్దే, ముక్క ముక్కే. ఏదీ కానిది డబ్బాలోకి ఎక్కదు. పైగా పై గ్రేడుల పేర్లన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. మచ్చపడ్డ గుండును 'డిజర్ట్' అంటారు. ఎందుకంటారో ఆయన ఎవరినీ అడగలేదు. అడగకుండానే ఇన్నేళ్లు అమ్మారు. అడిగినవాళ్లు ఇంకా దుకాణం తెరవలేదు.

అయినా మనసున్న మనిషి. తనే స్వయంగా టీచర్ గారింటికి వచ్చి, గుమ్మం బయటే నిలబడ్డారు.

"టీచరమ్మా, మీరేటీ అనుకోకండి. మాస్టారు పేణంగా పెంచుకున్నారని నాకూ తెల్సు. కానీ రూలెట్టేసినాం కదా. ఇంతకీ ఇదేటి బ్రీడు?"

"సముద్రపు ఒడ్డుదండి."

"ఒడ్డుదంటే ఊరు కదమ్మా. నానడిగింది గ్రేడు. డబ్బా మీద రాయాలంటే ఏదో ఒకటుండాలి కదా!"

"డబ్బాలో పెట్టడం లేదు కదండీ."

"మాట వరసకి. పోనీ, ఆల్సేషన్లో ఏదో సగమో పావో కలిసిందనండి. నాను రాసేసుకుంతాను. మిమ్మల్ని ఎవులడుగుతారు?"

ఆయన నిజంగానే దారి చూపిస్తున్నారని ఆవిడకు అర్థమైంది. ఒక్క అబద్ధం చాలు. కానీ ఆ నోరు అలవాటు పడిన నోరు కాదు. "కలవలేదండి" అన్నారు.

నాగరాజు గారు నిట్టూర్చి, పూండి వంక ఒకసారి చూసి వెళ్లిపోయారు. పూండి ఆయన్ని గేటుదాకా దిగబెట్టి వచ్చింది. అది దాని అలవాటు. మాస్టారు వారానికి మూడు రోజులు డయాలసిస్‌కు వెళ్లేటప్పుడు కాలనీ గేటుదాకా తోడు వెళ్లేది. ఆయన ఆటో ఎక్కాక ఇంటికి తిరిగి వచ్చేది కాదు. గేటు దగ్గరే కూర్చునేది. మధ్యాహ్నం దాటాక ఇద్దరూ కలిసి వచ్చేవారు. "మా అసిస్టెంటు" అని ఆయన పరిచయం చేసేవారు.

ఇప్పుడు ఆ ఇంట్లో ఆయన అడుగుల చప్పుడు గుర్తున్నవాళ్లు ఇద్దరే. అందులో ఒకరిని నెలాఖరులోగా వదిలి రావాలి.

టీచర్ గారు ఎవరితోనూ వాదించలేదు. ఆటో మాట్లాడుకున్నారు. పూండిని తెచ్చిన చోటే దిగబెట్టి రావాలనుకున్నారు. ఆ మాట దానికి చెప్పలేక, రెండు రోజులు దానితో మాట్లాడటం మానేశారు.

సరిగ్గా అప్పుడే జాతిపేర్ల దేవత కరుణించింది!

కాలనీలో కుక్కలకు టీకాల శిబిరం పెట్టారు. టెక్కలి నుంచి డాక్టర్ ఇందు గారు వచ్చారు. కమ్యూనిటీ హాలు ముందు షామియానా, కుర్చీలు, కాఫీలు. ఊళ్లో పెళ్లికి రానివాళ్లు కూడా వచ్చారు. హస్కీ ఒక పక్క ఏడుస్తోంది. 'మనిషిని చీల్చేస్తుంది' అని పేరున్న రాట్‌వీలర్, సూది చూసి యజమాని లుంగీ వెనక్కి చేరింది. ఒక్కొక్కరూ తమ కుక్క జాతిని మైకు అక్కర్లేని గొంతుతో ప్రకటిస్తున్నారు.

టీచర్ గారి వంతు వచ్చింది. ఎక్కడ వదిలినా టీకా వేయించి వదలాలని తీసుకొచ్చారు. పూండి కదలకుండా కూర్చుంది. సూదులంటే ఆ ఇంట్లో ఎవరికీ భయం మిగల్లేదు.

డాక్టర్ గారు తల ఎత్తకుండానే కాంపౌండరుతో అన్నారు. "నాన్‌డిస్క్రిప్ట్. ఆడది."

షామియానా కింద తలలన్నీ ఇటు తిరిగాయి.

"ఏటి డాక్టరమ్మా? ఏటన్నారు?" నాగరాజు గారు కుర్చీలోంచి లేచారు.

"నాన్‌డిస్క్రిప్ట్ అండి. తర్వాతది తీసుకురండి!"

నాన్‌డిస్క్రిప్ట్! ఎంత నిండైన పేరు! అందులో 'డిజర్ట్' కంటే ఎక్కువ అక్షరాలున్నాయి! నాగరాజు గారు ఆ పేరును నోట్లో ఒకసారి పప్పు రుచి చూసినట్టు తిప్పి చూశారు. గ్రేడు ఖరారైపోయింది.

విషయం తెలిసినవాళ్లకు తెలుసు. నాన్‌డిస్క్రిప్ట్ అంటే జాతిపేరు కాదు. 'ఫలానా జాతి అని చెప్పడానికి వీల్లేనిది' అని. పశువైద్యులు ఊరకుక్కలన్నిటినీ పిలిచే మాట అది. ప్రేమకుమారి టీచర్‌కు ఆ క్షణంలోనే తెలుసు. దిద్దడానికి నోరు కూడా తెరిచారు. అప్పుడు పూండి, సూది పొడిచిన చోటును నాకడం ఆపి, ఆవిడ వంక చూసింది. టీచర్ గారు జీవితంలో మొదటిసారి ఒక తప్పును దిద్దకుండా వదిలేశారు.

అబద్ధం మాత్రం ఆడలేదు. ఎవరైనా అర్థం అడిగితే చెప్పేద్దామనే ఉన్నారు. ఎవరూ అడగలేదు! ఏ దేశం అని అడిగారు. ఏం తింటుందని అడిగారు. మన ఎండకు తట్టుకుంటుందా అని అడిగారు. ఫోనులో వెతికినా అర్థం తెలిసేదే. కానీ తెలియదని ఒప్పుకుంటేనే కదా వెతకడం?

ఆ వారం రోజులూ పూండి వైభవం చెప్పతరం కాదు. ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలి ఉండటమే నాన్‌డిస్క్రిప్ట్‌ల ముఖ్య లక్షణమని రాట్‌వీలర్ యజమాని ధనుంజయ్ గారు కనిపెట్టారు. రెండు చెవులూ నిలబడితే కల్తీయట. తోక కొసన తెలుపు ఒరిజినల్‌కే ఉంటుందట. పేరును బట్టి ఫ్రాన్స్ అయివుంటుందని ఒకరు, కాదు స్కాట్లాండ్ అని ఒకరు. రాజేష్ తన హస్కీని సాయంత్రం వెనక వీధిలో తిప్పడం మొదలుపెట్టాడు. సరస్వతమ్మ గారు స్వయంగా పెరుగన్నం పంపించారు. పూండి దాన్ని ఎండుచేప కలిపితే గానీ ముట్టలేదు. "సూసినారా? ఫారిన్ తిండి అలవాటు!" అన్నారావిడ.

చివరికి నాగరాజు గారు మళ్లీ గుమ్మం ముందుకు వచ్చారు. ఈసారి లోపల కూర్చున్నారు.

"టీచరమ్మా, మాకూ ఒక నాన్‌డిస్క్రిప్టు పిల్ల కావాలి. మాస్టారు ఎక్కడ సంపాయించినారో సెప్తే..."

"తీసుకెళ్లి చూపిస్తానండి" అన్నారావిడ.

ఆదివారం ఆరాధన అయ్యాక కారులో బయలుదేరారు. పూండి వెనక సీట్లో టీచర్ గారి పక్కన కూర్చుంది. స్టేషను దాటి, కొబ్బరితోటలు దాటి, ఇసుకలో కారు ఇక కదలనన్నచోట దిగారు. పడవ నీడలో పాపారావు అనే జాలరి వల బాగుచేసుకుంటున్నాడు.

"ఏమయ్యా, ఇక్కడ నాన్‌డిస్క్రిప్టులు దొరుకుతాయా?" అడిగారు నాగరాజు గారు.

పాపారావు వల పక్కన పెట్టి ఆలోచించాడు. "ఈ రోజుల్లో వలకి పడవు బాబూ. కానాగంతలు కావాలంటే ఉన్నాయి."

"సేపలు కాదయ్యా! కుక్క! ఇదిగో, ఇలాంటిది!"

పాపారావు పూండిని చూశాడు. కారును చూశాడు. మళ్లీ పూండిని చూశాడు. "కుక్క కోసం కారేసుకొచ్చినారేటి బాబూ?" అని నవ్వాపుకోలేక ఇంటివైపు తిరిగి కేకేశాడు. "ఓలే లక్ష్మీ! ఇలగ్రా! మన కుక్కపిల్లలకి పెళ్లిసూపులొచ్చినాయి!"

లక్ష్మమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె వెనకే నాలుగైదు కుక్కపిల్లలు ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చాయి. అన్నిటికీ ఒక చెవి నిలబడి, ఒకటి వాలి ఉంది. నాగరాజు గారి కళ్లు మెరిశాయి. ఒక్క కల్తీ కూడా లేదు!

లక్ష్మమ్మ కుక్కల్ని చూడటం లేదు.

"ఓలమ్మ! టీచరమ్మా! ఎన్నాళ్లకొచ్చినారు! మాస్టారు కారు దిగనేదేటి? అలసిపోనారా?"

టీచర్ గారికి ఎంతో వ్యాకరణం వచ్చు. ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం దిద్దలేక పూండి వైపు వంగారు. నాగరాజు గారే మెల్లగా చెప్పారు. "మాస్టారు లేరమ్మా. నిరుడు..."

"కిడ్నీలా?"

టీచర్ గారు తల ఊపారు.

లక్ష్మమ్మ ఇసుకలో కూలబడింది. పిల్లల్లో ఒకటి వచ్చి నాగరాజు గారి చెప్పు వాసన చూడసాగింది.

"మా పెద్దోడూ అంతేనమ్మా" అంది లక్ష్మమ్మ. "మాస్టారి దగ్గర సదువుకున్నోడే. సంకురాత్రి ఎల్లాక పోనాడు. పెద్దాసుపత్రిలో డాక్టరుబాబు ఇంగిలీసులో పెద్ద పేరు సెప్పినాడు. అన్‌నోన్ ఎటియాలజీ అని. మావోడు దాన్ని నోటికి పట్టీసినాడు. ఎవులొచ్చినా సెప్పీవోడు. అంత పెద్ద పేరుందంటే మందూ ఉంతాదనుకున్నామమ్మా. అంటే ఏటమ్మా అది?"

కాలనీలో ఎవరూ అడగని ప్రశ్న అది. మాటకు అర్థమేమిటని. అడిగితే చెప్పకుండా ఉండటం టీచర్ గారికి చేతకాదు.

"ఎందుకు వచ్చిందో తెలియదని అర్థం, లక్ష్మమ్మా."

"ఏటి తెల్దు?"

"జబ్బు తెలుసు. కారణం తెలియదు. ఆ మాట చెప్పేది అంతే. మాస్టారిక్కూడా అదే మాట చెప్పారు."

లక్ష్మమ్మ ఆవిడ ముఖంలోకి చాలాసేపు చూసింది.

"తెల్దనడానికి అంత పెద్ద పేరేటమ్మా!"

అలలు వచ్చి వెళుతున్నాయి. నాగరాజు గారు వంగి, చెప్పు కొరుకుతున్న పిల్లను చేతుల్లోకి తీసుకున్నారు. అది చొక్కా గుండీని పట్టుకుంది. ఆయన దాన్నే చూస్తూ, గొంతు తగ్గించి అడిగారు.

"మరి... నాన్‌డిస్క్రిప్టు అంటే?"

టీచర్ గారు పూండి తలమీద చేయి వేశారు. "అదీ అంతేనండి. ఏ జాతో తెలియదని."

చెప్పేశాక ఆవిడకు ఆటో గుర్తొచ్చింది. ఇక ఆటో అక్కర్లేదు. ఎలాగూ పూండిని పూండికే తెచ్చారు. ఇక్కడే వదిలి, ఖాళీ సీటుతో తిరిగి వెళ్లవచ్చు.

నాగరాజు గారు పాపారావు తాగమని ఇచ్చిన కొబ్బరినీళ్లు తాగారు. పిల్లను కింద పెట్టలేదు. కారు దగ్గరికి వచ్చి, వెనక తలుపు తెరిచి పట్టుకున్నారు. "ఎక్కే" అన్నారు పూండితో. అది ఎక్కి తన చోట తాను కూర్చుంది.

పూండి స్టేషను దగ్గర రైలు గేటు పడింది. కారు ఆగింది. టీచర్ గారే అడిగారు. "మరి మా పూండి సంగతి ఏం చేద్దామండి?"

"ఏటి సేత్తామమ్మా? డాక్టరమ్మ అందరి ముందూ సెప్పీసినారు, నాన్‌డిస్క్రిప్టని. నాను కాదనగలనా?" ఆయన ముందుకే చూస్తున్నారు. "నిజం సెప్పాలంటే, డిజర్ట్ అంటే ఏటో కూడా నాకు ఇప్పటికీ తెల్దు. మీరు సెప్పకండి. యాపారం సెడిపోద్ది."

గూడ్సు బండి వెళ్లిపోయింది. గేటు లేచాక, నాగరాజు గారు ఒళ్లో పిల్లను నిమురుతూ అడిగారు. "దీనికేటి పేరెడదాం?"

ఇప్పుడు కాలనీలో నాన్‌డిస్క్రిప్టులు చాలానే ఉన్నాయి. ప్రెసిడెంటు గారి గేటుకు 'నాన్‌డిస్క్రిప్ట్ ఉన్నది, జాగ్రత్త' అని బోర్డు వేలాడుతోంది. లోపల సరస్వతమ్మ గారి చెప్పులు రోజుకొకటి మాయమవుతున్నాయి. ఎవరూ తీర్మానం చేయడం లేదు. జాతికుక్క కదా!

కాబట్టి జాతిపేర్లను ఆడిపోసుకోకండి. ఏమీ తెలియదని చెప్పే ఒక్క ఇంగ్లీషు మాట ఒక ప్రాణికి ఇల్లు నిలబెట్టింది. ఇంతకంటే ఉపకారం ఏ పదమైనా చేసిందా? అంతకంటే గంభీరమైన మాటలు మా ఉద్దానం ఇళ్లలో ఎన్నో ఉన్నాయి. పెద్ద ఆసుపత్రుల నుంచి తెచ్చుకుని, నోటికి పట్టి, వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నవి. ఇక కొత్త పేర్లు పంపవద్దని పెద్దలకు మనవి. పేర్లు చాలినన్ని ఉన్నాయి. అర్థం ఎప్పుడు దొరికితే అప్పుడు, మామూలు తెలుగులో చెబితే చాలు. లక్ష్మమ్మకు ఇంగ్లీషు రాదు.

పూండి కులాసాగా ఉంది. వారంలో మూడు రోజులు గేటు దగ్గర కూర్చుని, మధ్యాహ్నం దాటాక ఒక్కతే ఇంటికి వస్తుంది. అది ఏ జాతో నేటికీ ఎవరికీ తెలియదు. తెలియకపోయినా నిక్షేపంగా బతుకుతోంది.

కుక్క కాబట్టి సరిపోయింది!